చీపురు ఎవరిదో మెట్టు వాళ్ళదే: జెరూసలేం పాలనలో అసలు చిక్కు

ప్రశ్నను కుదించి చెబితే ఇది: "జెరూసలేం మొత్తానికి ఒకటే మున్సిపాలిటీ ఉంది కదా. సమర్థుడైన అధికారిని పెట్టి, నిధులిచ్చి, తూర్పు పడమర తేడా చూడకుండా రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ, చెత్త సరిగ్గా చూసుకుంటే సగం గొడవ చల్లారదా? పవిత్ర స్థలాల సంగతి పెద్దలు తర్వాత తేల్చుకుంటారు."

చల్లారదు. ఎందుకో ఒక మెట్టు దగ్గర మొదలుపెట్టి చెబుతాను.

ఏసు సమాధి ఉన్న చోటని క్రైస్తవులు నమ్మే హోలీ సెపల్కర్ చర్చి ముందు రాళ్ళు పరిచిన వాకిలి ఉంది. తలుపుకు కుడిపక్కన బయటి నుంచే ఒక చిన్న ప్రార్థనాలయానికి మెట్లు ఎక్కుతాయి. మెట్లు లాటిన్లవి, అంటే రోమన్ కాథలిక్కులవి. వాకిలి ఊడ్చేది గ్రీకు ఆర్థడాక్స్ వాళ్ళు. అట్టడుగు మెట్టు దాదాపు నేల మట్టానికే ఉంటుంది. మరి దాన్ని మెట్టు అనాలా, వాకిలి అనాలా? 1901లో ఆ ఒక్క మెట్టు ఊడ్చే హక్కు కోసం సన్యాసులు తలలు పగలగొట్టుకున్నారు. చివరికి కుదిరిన ఏర్పాటు ఏమిటంటే ఇద్దరూ ఊడుస్తారు, వేళలు వేరు. పక్కనే ఉన్న బెత్లెహేములో, ఏసు పుట్టిన చోటని నమ్మే నేటివిటీ చర్చిలో, 2011 డిసెంబరులో గ్రీకు, అర్మేనియన్ సన్యాసులు చీపుర్లతోనే కొట్టుకుంటే పాలస్తీనా పోలీసులు వచ్చి విడదీశారు.

విని నవ్వుకోవచ్చు గానీ దాని వెనక గట్టి న్యాయసూత్రం ఉంది. 1757లోనూ 1852లోనూ ఒట్టోమన్ సుల్తానులు ఇచ్చిన ఫర్మానాలు ఎవరి అధీనంలో ఏముందో దాన్ని అలాగే ఉంచమన్నాయి. 1878 బెర్లిన్ ఒప్పందం దానికి అంతర్జాతీయ ముద్ర వేసింది. దీన్నే స్టేటస్ కో అంటారు. మన కోర్టుల్లో స్టేటస్ కో అంటే తీర్పు వచ్చేదాకా తాత్కాలికం. అక్కడ అదే తీర్పు. దాని లెక్కలో కప్పు బాగుచేయడం, దీపం వేలాడదీయడం, నేల ఊడవడం స్వాధీనానికి సాక్ష్యాలు. ఈరోజు మీరు ఊడ్చి, ఎదుటివాడు ఊరుకుంటే రేపు అది మీది. అందుకే ఎవరూ ఊరుకోరు. చర్చి ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన 18వ శతాబ్దం నుంచీ అలాగే ఉంది. దాన్ని తీయడమూ ఒక హక్కే కాబట్టి ఎవరూ తీయరు. తాళంచెవి, తలుపు తీసే పని మాత్రం రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్నాయి: జౌదే, నుసైబే. మన పాత మిరాశీల లాగా తరతరాల హక్కు.

ఈ సూత్రం చర్చి గోడల దగ్గర ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. నగరం మొత్తం మీద సార్వభౌమత్వం తేలలేదు. ఇజ్రాయెల్ 1967 జూన్‌లో తూర్పు భాగాన్ని పట్టుకుని, జోర్డాన్ పాలనలో ఉన్న 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నగరంతో పాటు చుట్టుపక్కల గ్రామాల భూమి కలిపి సుమారు 70 చదరపు కిలోమీటర్లకు తన చట్టాన్ని విస్తరించింది. 1980లో మౌలిక చట్టం చేసి మొత్తం నగరాన్ని రాజధాని అంది. ఆ ఏడాదే భద్రతా మండలి 478వ తీర్మానం అది చెల్లదంది. పాలస్తీనియన్లు తూర్పు జెరూసలేంను తమ రాజధానిగా చూస్తారు. దాంతో చీపురు సూత్రం నగరమంతా పాకింది. పైపు వేసినా, పన్ను వేసినా, సర్వే రాయి పాతినా అవతలివాడు చూసేది పనిని కాదు, సంతకాన్ని.

సంతకాలు ఎన్నో చూడండి. అల్ అక్సా మసీదున్న ఆవరణ ముస్లింలకు హరం అల్ షరీఫ్, యూదులకు టెంపుల్ మౌంట్, దాదాపు 14 హెక్టార్లు. లోపలి నిర్వహణ జోర్డాన్ ప్రభుత్వం జీతాలిచ్చే వక్ఫ్ శాఖది. బయట కాపలా ఇజ్రాయెల్ పోలీసులది. 1994 ఇజ్రాయెల్-జోర్డాన్ శాంతి ఒప్పందం 9వ అధికరణం ముస్లిం పుణ్యక్షేత్రాల విషయంలో జోర్డాన్ ప్రత్యేక పాత్రను గౌరవిస్తామంటుంది. దాని కిందే ఉన్న, యూదులు ప్రార్థన చేసే పశ్చిమ గోడకు వేరే రబ్బీ (యూదు మతగురువు), వేరే ఫౌండేషన్. పురావస్తు శాఖ మరొకటి. పాత నగరం 1981లో జోర్డాన్ ప్రతిపాదన మీద యునెస్కో జాబితాలో చేరింది, 1982 నుంచి ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో ఉంది. వీటిలో ఏదీ మేయరు చేతిలో లేదు. పవిత్ర స్థలాల హక్కుల తగాదాలు మామూలు కోర్టుల పరిధిలోకి రావని 1924లో బ్రిటిష్ వాళ్ళు చేసిన ఉత్తర్వు ఇప్పటికీ వాదనల్లో పనికొస్తూనే ఉంది. కనుక "కోర్టుకెళ్ళి తేల్చుకుందాం" అనే దారీ ఇరుకే. హోలీ సెపల్కర్ కప్పు మీది దేర్ ఎస్ సుల్తాన్ మఠమే ఉదాహరణ. 1970లో ఇథియోపియా క్రైస్తవ సన్యాసులు తాళాలు మార్చారు. కాప్టులు, అంటే ఈజిప్టు క్రైస్తవులు, కోర్టుకెళ్ళారు. 1971లో సుప్రీంకోర్టు తాళాలు కాప్టులకు తిరిగి ఇవ్వమంది, కానీ నిర్ణయం ప్రభుత్వానికి వదిలింది. ఈజిప్టును నొప్పించాలా, ఇథియోపియానా? ఏ ప్రభుత్వమూ తేల్చలేదు. 2018లో అక్కడ మరమ్మతు మొదలుపెడితే కాప్టిక్ సన్యాసులు అడ్డు కూర్చున్నారు, పోలీసులు వాళ్ళను ఈడ్చేశారు.

ఇక ఒక సాదా ఇంజనీరింగు పని ఎలా ముదురుతుందో దగ్గరగా చూద్దాం. పశ్చిమ గోడ మైదానం నుంచి మొగ్రబీ ద్వారానికి ఒక మట్టి కట్ట ఎక్కేది. ముస్లిమేతరులు ఆవరణలోకి వెళ్ళేది ఆ ద్వారం గుండానే, దాని తాళంచెవి 1967 నుంచి ఇజ్రాయెల్ దగ్గరే ఉంది. 2004 ఫిబ్రవరిలో మంచు, భూప్రకంపనల తర్వాత కట్టలో కొంత కూలింది. తాత్కాలికంగా చెక్క వంతెన వేశారు. శాశ్వత వంతెన కట్టే ముందు మట్టిలో ఏముందో తవ్వి చూడాలి, అది ఇజ్రాయెల్ చట్టం. 2007 ఫిబ్రవరిలో తవ్వకం మొదలవగానే "మసీదు పునాదులు తవ్వుతున్నారు" అంటూ ఆందోళనలు లేచాయి. తవ్వకాన్ని కెమెరాల్లో ప్రత్యక్షంగా చూపించినా, టర్కీ బృందం వచ్చి చూసినా లాభం లేకపోయింది. 2011 డిసెంబరులో చెక్క వంతెనకు నిప్పంటుకునే ప్రమాదముందని నగర ఇంజనీరు మూయమన్నాడు. మూసిన కొద్ది రోజులకే, ఈజిప్టు, జోర్డాన్‌ల ప్రతిస్పందనకు జంకి మళ్ళీ తెరిచారు. ఒక మున్సిపల్ ఇంజనీరు ఇచ్చిన ఫైర్ సేఫ్టీ నోటీసు మూడు రాజధానుల పనైంది.

అందరూ మంచిపనే అనుకున్న ఈ పని ఎక్కడ తప్పింది? ఇజ్రాయెల్ వైపు నుంచి చూస్తే వంతెన ఉన్నది మైదానం వైపు, అది తమ పరిధి. వక్ఫ్ వైపు నుంచి చూస్తే కట్ట ఆవరణలో భాగం, దాన్ని బాగుచేసే హక్కు తమది. పైగా ఆ కట్ట 1967 జూన్‌లో రాత్రికి రాత్రి కూల్చేసిన మొగ్రబీ పేటకు మిగిలిన చివరి ఆనవాలు. డిజైను బాగుందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. అర్జీ ఎవరి పేరున పెట్టాలన్న దగ్గరే బండి ఆగింది.

2017 జులైలో హరం ద్వారాల దగ్గర మెటల్ డిటెక్టర్లు పెట్టినప్పుడు జరిగిందీ అదే. జులై 14న కాల్పుల్లో ఇద్దరు పోలీసులు చనిపోయారు. రెండు రోజుల్లో యంత్రాలు దిగాయి. "పశ్చిమ గోడ దగ్గర ఉన్నాయిగా, ఇక్కడ ఉంటే ఏం?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తేడా ఎక్కడంటే, గోడ దగ్గర ద్వారం ఎవరిదన్న తగాదా అక్కడికి వచ్చే యూదులకు లేదు. ఇక్కడ నేలకు బిగించిన యంత్రం అంటే ఎవరు లోపలికి వెళ్ళాలో నిర్ణయించే కొత్త అధికారం. జనం లోపలికి పోకుండా వీధుల్లోనే నమాజు చేశారు. పది రోజులకు యంత్రాలు తీసేశారు. యంత్రం కన్నా బోల్టులే ఎక్కువ రెచ్చగొట్టాయని నా అభిప్రాయం. చేతి స్కానరుతో అప్పుడప్పుడు చేసే తనిఖీకి అంత ప్రతిఘటన వచ్చేది కాదేమో. జోర్డాన్‌తో ముందే మాట్లాడి ఉంటే మరీ నయం.

పవిత్ర స్థలాలు పక్కన పెట్టి మున్సిపాలిటీ మామూలు పనులకు వద్దాం. అసలు ప్రశ్న వాటి గురించే.

నగర జనాభా 10 లక్షలకు దగ్గరలో ఉంది, అందులో పాలస్తీనియన్లు 40 శాతానికి కాస్త తక్కువ. వాళ్ళలో ఎక్కువమందికి పౌరసత్వం లేదు, శాశ్వత నివాస హక్కు మాత్రమే ఉంది. మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంది, కానీ వేస్తే ఇజ్రాయెల్ పాలనను ఒప్పుకున్నట్టవుతుందని వేయరు. వేసేవాళ్ళు ఒకటి రెండు శాతం. 31 స్థానాల కౌన్సిల్లో వాళ్ళ తరఫున అడిగేవాడు లేడు, కాబట్టి బడ్జెట్లో వాళ్ళ పేటలు ఎప్పుడూ చివరే. బడ్జెట్లో చివర పడ్డందుకు నమ్మకం ఇంకా తగ్గుతుంది, ఓటు ఇంకా దూరమవుతుంది.

ఓటు వేయని ఇదే జనం ఆస్తిపన్ను మాత్రం పట్టుదలగా కడతారు. అక్కడ దాని పేరు అర్నోనా. 1990ల మధ్య నుంచి "జీవన కేంద్రం" అనే నిబంధన గట్టిగా అమలవుతోంది: నీ బతుకు జెరూసలేంలోనే గడుస్తోందని రుజువు చేయకపోతే నివాస హక్కు రద్దవుతుంది. 1967 నుంచి అలా రద్దయినవి 14,000 పైనే. అందుకని ప్రతి ఇంట్లో ఒక ఫైలు ఉంటుంది: ఏళ్ళ తరబడి అర్నోనా రసీదులు, కరెంటు బిల్లులు, నీటి బిల్లులు, పిల్లల బడి సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందాలు. మనం పన్ను రసీదు పారేసినా నష్టం లేదు. అక్కడ ఒక రసీదు పోతే నగరమే పోవచ్చు. "వాళ్ళు పన్ను కడుతున్నారంటే మా పాలనను ఒప్పుకున్నట్టే" అని ఎవరైనా అంటే ఈ ఫైలు గుర్తు చేయండి.

ఈ నిబంధన నగర పటాన్నే మార్చేసింది. 2002 తర్వాత కట్టిన వేర్పాటు గోడ కఫర్ అకబ్‌నీ, షువాఫాత్ శరణార్థి శిబిరం ప్రాంతాన్నీ అవతలికి నెట్టింది. మున్సిపల్ సరిహద్దు మాత్రం మారలేదు. అంటే కఫర్ అకబ్‌లో ఉంటే కాగితం మీద జెరూసలేంలో ఉన్నట్టే, హక్కు పోదు. వెస్ట్ బ్యాంక్ (జోర్డాన్ నదికి పడమటి వైపు పాలస్తీనా ప్రాంతం) గుర్తింపు కార్డున్న భార్యో భర్తో కూడా అక్కడ కలిసి ఉండొచ్చు. 2003 నుంచి కుటుంబ ఏకీకరణకు ఆంక్షలున్నాయి కాబట్టి గోడకు ఇవతల అలా ఉండటం కష్టం. ఫలితంగా పదుల వేల మంది అక్కడికి చేరారు. ఇజ్రాయెల్ పోలీసులు మామూలుగా రారు. పాలస్తీనా పోలీసులకు ఒప్పందాల ప్రకారం అధికారం లేదు. అనుమతి, తనిఖీ లేకుండా ఒకదాన్నొకటి ఆనుకుని పదేసి అంతస్తుల భవనాలు లేచాయి. భూకంప రేఖకు దగ్గరున్న ఊరు అది. చెత్త తీసేది గుత్తేదార్లు, నీటి గొట్టాలు ఇప్పుడున్న జనంలో కొద్దిమందికే సరిపోయేలా వేసినవి. 2014 మార్చిలో షువాఫాత్ వైపు వారాల తరబడి కుళాయిలు ఎండిపోయాయి. శిబిరం లోపల సేవలు 2025 దాకా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ చూసేది, శిబిరం గోడ దాటితే ఎవరిదో చెప్పడం కష్టం.

ఇల్లు కట్టుకోవడానికి అనుమతి సంగతి మరీ చిక్కు. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం తూర్పు జెరూసలేంలో పాలస్తీనియన్ల నిర్మాణానికి కేటాయించినది 13 శాతం నేలే, అందులో చాలావరకు ఇప్పటికే కట్టేశారు. ఇళ్ళలో కనీసం మూడో వంతు అనుమతి లేనివి. అనుమతి కావాలంటే మొదట ఆ ప్రాంతానికి వివరమైన ప్లాను ఉండాలి, రోడ్డు, మురుగు కాలువ ఉండాలి, ప్లాట్లన్నీ కలిపి మళ్ళీ పంచుకోవాలి, అందులో 40 శాతం దాకా ప్రజావసరాలకు పోవచ్చు. మన ల్యాండ్ పూలింగ్ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ పూలింగ్‌కు ముందు భూమి ఎవరిదో తెలియాలి, అదే అక్కడ లేదు. జోర్డాన్ మొదలుపెట్టిన భూమి సెటిల్‌మెంట్ 1967లో ఆగిపోయింది. పట్టా లేదు కనుక ప్లాను లేదు, ప్లాను లేదు కనుక అనుమతి లేదు, అనుమతి లేదు కనుక కూల్చివేత నోటీసు.

2018 మేలో ఇజ్రాయెల్ ప్రభుత్వం 3790 నంబరు నిర్ణయంతో తూర్పు జెరూసలేం అభివృద్ధికి అయిదేళ్ళలో సుమారు 2 బిలియన్ షెకెళ్ళు ఇచ్చింది, అందులో భూమి సెటిల్‌మెంట్ ఒక భాగం. కాగితం మీద సరైన మందే. కానీ 1950 నాటి గైర్హాజరీ ఆస్తుల చట్టం పక్కనే ఉంది. అన్నదమ్ములు నలుగురిలో ఒకడు అమ్మాన్‌లో ఉంటే అతని వాటా కస్టోడియన్‌కు, అంటే ప్రభుత్వం పెట్టిన ఆస్తుల సంరక్షకుడికి, పోవచ్చు. తూర్పు జెరూసలేంలో దీన్ని అత్యంత అరుదుగానే వాడాలని 2015లో సుప్రీంకోర్టు అంది గానీ వాడొద్దనలేదు. దానికి తోడు 1970 చట్టం ప్రకారం 1948కి ముందు తూర్పున యూదులకున్న ఆస్తి వెనక్కి అడగొచ్చు. పడమరన పాలస్తీనియన్లు వదిలిపోయిన ఇళ్ళకు ఆ దారి లేదు. 2021లో తూర్పు జెరూసలేం పేట షేక్ జర్రాలో లేచిన గొడవకు మూలం అదే. అలాంటప్పుడు సర్వేయరు వస్తే ఎవరు ఎదురెళ్ళి సాక్ష్యం చెబుతారు? సెటిల్‌మెంట్ నిజంగా సాగాలంటే మొదట "ఈ ప్రక్రియలో గైర్హాజరీ చట్టం వాడం" అని చట్టబద్ధమైన హామీ ఇచ్చి, తర్వాతే గొలుసు పట్టాలి. వరస తిప్పితే ఎంత డబ్బు పోసినా సర్వేకు జనం రారు.

పన్ను చర్చిల మీదికి వెళ్ళినప్పుడు ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మున్సిపాలిటీ చర్చిల వాణిజ్య ఆస్తుల మీద అర్నోనా బకాయి కట్టమంది. ప్రార్థనాలయాలను వదిలేస్తామనీ, హోటళ్ళు, దుకాణాల మీదేననీ వివరించింది. పన్ను సూత్రం ప్రకారం తప్పు లేదు. ఒట్టోమన్ కాలం నుంచి వస్తున్న మినహాయింపును ఒక పక్షమే చెరిపేసిందని గ్రీకులు, కాథలిక్కులు, అర్మేనియన్లు కలిసి హోలీ సెపల్కర్ తలుపులు మూసేశారు. మెట్టు కోసం కొట్టుకునేవాళ్ళు ఒక్కటైన అరుదైన సందర్భం! మూడో రోజుకు ప్రధాని కార్యాలయం వసూలు ఆపించింది.

మురుగుకు ఈ రాజకీయాలేవీ తెలియవు. నగరపు తూర్పు వాలు నీళ్ళు కిద్రోను లోయ మీదుగా మృత సముద్రం వైపు పోతాయి. దశాబ్దాల పాటు శుద్ధి లేకుండా అలాగే పారాయి. శుద్ధి కేంద్రం లోయ కిందే కట్టాలి, అది వెస్ట్ బ్యాంక్. దాన్ని ఇజ్రాయెల్ నడిపితే ఆ నేల మీద ఇజ్రాయెల్ అధికారాన్నీ, అక్కడి యూదు స్థిరనివాసాలనూ పాలస్తీనా అథారిటీ, అంటే పాలస్తీనియన్ల స్వపరిపాలన ప్రభుత్వం, ఒప్పుకున్నట్టవుతుంది. నడపకపోతే డబ్బిచ్చేవాడు లేడు.

మరి ఏదీ జరగదా అంటే, జరిగినవి ఉన్నాయి. సమాధి మీది చిన్న కట్టడం, ఎడిక్యూల్, 1808 అగ్నిప్రమాదం తర్వాత 1810లో కట్టింది. 1927 భూకంపంలో దెబ్బతింది. కూలకుండా 1947లో బ్రిటిష్ వాళ్ళు ఇనుప దూలాలు బిగించారు. ఏడు దశాబ్దాలు అవే మోశాయి. 2015లో ప్రమాదకరమని పోలీసులు కొన్ని గంటలు మూసేశారు, ఆ అవమానమే కదిలించింది. 2016లో మూడు ప్రధాన వర్గాలు సంతకం చేశాయి. పని చేసింది ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం. ఖర్చు మూడు వర్గాలతో పాటు జోర్డాన్ రాజు, అంతర్జాతీయ దాతలు పెట్టుకున్నారు. యాత్రికులు ఆగకుండా పని ఎక్కువగా రాత్రుళ్ళు చేశారు. 2017 మార్చిలో దూలాలు తీసేసి తెరిచారు. బెత్లెహేములో కప్పు కారుతుంటే మరో దారి పట్టారు: చర్చిలు ఒప్పుకోవడం లేదు కాబట్టి పాలస్తీనా అథారిటీయే అధ్యక్ష కమిటీ వేసి, 2013లో ఇటలీ సంస్థతో పని మొదలుపెట్టింది. ప్రభుత్వం బాగుచేస్తే ఏ వర్గానికీ కొత్త హక్కు పుట్టదు. బ్రిటిష్ కాలంలోనూ అత్యవసర మరమ్మతుకు వాడిన ఉపాయం అదే.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే పనికొచ్చే పద్ధతి దొరుకుతుంది. అర్జీ ఎవరి పేరున ఉండాలో డిజైను కంటే ముందే తేల్చాలి. "ఈ పని వల్ల ఎవరి హక్కూ పెరగదు, తరగదు" అన్న వాక్యం ఒప్పందం మొదటి పేజీలో ఉండాలి, అనుబంధంలో కాదు. డబ్బు సమాన వాటాల్లో, లేదా పూర్తిగా బయటివాళ్ళది. పనిముట్టు పట్టేది తగాదాతో సంబంధం లేని చేయి. నేలకు బిగించేది ఏదైనా విప్పదగ్గదిగా ఉండాలి. తేదీ పెట్టేముందు నాలుగు పంచాంగాలు చూడాలి: రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈస్టర్ రెండు, యూదుల పండుగలు వేరే లెక్క. 2022 ఏప్రిల్‌లో రంజాన్, యూదుల పాస్ఓవర్ పండుగ, రెండు ఈస్టర్లు ఒకే నెలలో పడ్డాయి. 2021 రంజాన్‌లో పాత నగరపు డమాస్కస్ ద్వారం మెట్ల మీద పోలీసులు పెట్టిన బారికేడ్లు మామూలు రోజుల్లో అయితే ఎవరూ పట్టించుకోకపోయేవారేమో. ఆ రాత్రుళ్ళు జనం ఇఫ్తార్ తర్వాత కూర్చునే చోటే ఆ మెట్లు.

ఈ పద్ధతి కూడా గుడి, మసీదు, చర్చి గోడల్లోపల బాగా పనిచేసినంతగా పేటల్లో పనిచేయదు. గోడల్లోపల హక్కుదారులు ముగ్గురో ఆరుగురో, వాళ్ళకు సంతకం పెట్టే అధికారముంది. కఫర్ అకబ్ తరఫున సంతకం పెట్టేదెవరు? అందుకే పెద్ద పథకాలూ అక్కడే తడబడ్డాయి. 1947లో ఐక్యరాజ్యసమితి 181వ తీర్మానం నగరాన్ని అంతర్జాతీయ పాలనలో విడిగా ఉంచమంది, యుద్ధం దాన్ని తుడిచేసింది. 2000 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అరబ్బుల పేటలు పాలస్తీనాకు, యూదుల పేటలు ఇజ్రాయెల్‌కు అన్నాడు. ఒక చదరపు కిలోమీటరుకు లోపే ఉన్న పాత నగరంలో ఒకే సందులో రెండు పోలీసు వ్యవస్థలు, కిందనుంచి ఒకటే నీటి గొట్టం ఎలా అన్నది మిగిలిపోయింది. 2008లో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మెర్ట్ పవిత్ర ప్రాంతాన్ని అయిదు దేశాల ట్రస్టుకు అప్పగిద్దామన్నాడు. పాలనాపరంగా నాకు అదే ఎక్కువ ఆచరణీయంగా కనిపిస్తుంది, ఎందుకంటే చీపురు అయిదుగురిదైతే మెట్టు ఏ ఒక్కరిదీ కాదు. చర్చ అంతదాకా పోలేదు.

జెరూసలేం వెళ్ళే మన క్రైస్తవ యాత్రికులు పశ్చిమ గోడ మైదానంలో నిలబడి కుడివైపు తలెత్తితే, గోడ పక్కనుంచి పైకి ఎక్కే చెక్క వంతెన ఒకటి కనిపిస్తుంది. 2004లో తాత్కాలికంగా కట్టాలనుకున్నది అదే.